వియన్నాలో అమ్మానాన్నలతో ఉండటానికి హోటల్: ‘సెంటర్’ అంటే ఎక్కడ తీసుకోవాలి?

హన్మకొండ_చౌరస్తా

అందరికీ నమస్తే. మే నెల మధ్యలో అమ్మనీ నాన్ననీ తీసుకుని వియన్నా వెళ్దామనుకుంటున్నాను. ముగ్గురమే, నాలుగైదు రాత్రులు. వేరే ఊళ్ళు కలపడం లేదు, రోజుకో ఊరు తిప్పుతూ వాళ్ళను అలసగొట్టడం నాకు ఇష్టం లేదు, ఒక్క ఊరే నింపాదిగా చూడాలని. టికెట్ల సంగతి చూసుకున్నాను, హోటల్ దగ్గరే ఆగిపోయాను.

నాన్న రిటైర్డ్ టీచర్, రోజూ పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడుస్తారు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే మెల్లగా ఎంత దూరమైనా నడుస్తుంది, మెట్లు మాత్రం కష్టం, మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చకపోతే సాయంత్రానికి డీలా పడిపోతుంది. ఇద్దరూ శాకాహారులు.

ఇప్పుడు నా ముందు మూడు ఉన్నాయి. ఒకటి స్టెఫాన్స్‌ప్లాట్జ్‌కు (స్టెఫాన్స్ చర్చి ఉన్న చౌక్) దగ్గర్లో, పాత బిల్డింగులో ‘పెన్షన్’ అని రాసి ఉన్న చిన్న హోటల్. ముగ్గురికి ఒకే గది, గది చిన్నది, అన్నిటికంటే ఖరీదు ఇదే. రెండోది హౌప్ట్‌బాన్‌హోఫ్ అనే పెద్ద రైల్వే స్టేషన్ పక్కన కొత్త హోటల్, గదులు బాగున్నాయి, రేటు మధ్యస్తం. మూడోది 1160 అనే పిన్‌కోడ్‌లో ఒక ఫ్లాట్, వంటగదితో సహా, మిగతా రెండిటి కంటే బాగా తక్కువ. ‘సిటీ సెంటర్‌కు 15 నిమిషాలు’ అని రాసుకున్నారు కానీ మ్యాప్‌లో చూస్తే ట్రామ్ ఎక్కి, దిగి, మెట్రో అందుకోవాలి.

తమ్ముడు ఫ్లాటే తీసుకో, అమ్మ వండుకుంటుంది అంటున్నాడు. అక్కడికి వెళ్ళి కూడా అమ్మ చేత వండించడం నాకు నచ్చట్లేదు, కానీ తిండి టెన్షన్ నాకూ ఉంది. బుకింగ్ సైట్లలో ప్రతి హోటలూ సెంటర్‌లోనే ఉన్నట్టు రాస్తారు. అసలు ఆ ఊళ్ళో సెంటర్ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి వరకు? స్టెఫాన్స్‌ప్లాట్జ్ దగ్గరే ఉండాలని అంత డబ్బు పెట్టాలా, మెట్రో దగ్గరుంటే చాలా? అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

మానేరు_గట్టు

అక్కా నమస్తే, మాది కరీంనగర్, ప్రస్తుతం వియన్నాలోనే చదువుకుంటున్నా. మీరు అడిగింది సరైన ప్రశ్న. ఇక్కడికి వచ్చే మనవాళ్ళు చాలామంది గది ఫొటోలు చూసి బుక్ చేస్తారు, అడ్రస్ చూడరు.

ముందు పిన్‌కోడ్ చదవడం తెలిస్తే సగం పని అయిపోతుంది. వియన్నాలో మొత్తం 23 జిల్లాలు, మన జిల్లాల లాంటివి కావు, ఊళ్ళోని వార్డుల లాంటివి అనుకోండి. పిన్‌కోడ్‌లో మధ్యనున్న రెండు అంకెలే జిల్లా నంబరు. 1010 అంటే ఒకటో జిల్లా, 1040 అంటే నాలుగోది, 1070 ఏడోది, 1160 పదహారోది. వీధి బోర్డుల మీద కూడా పేరుకు ముందు ఆ నంబరే ఉంటుంది. ఒకటో జిల్లా అంటే పాత కోటగోడ లోపలి ఊరు. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆ గోడలు తీసేయమని ఆజ్ఞ ఇచ్చాక, వాటి జాగాలోనే రింగ్‌స్ట్రాసె అనే వెడల్పాటి రోడ్డు వేశారు. ఒపెరా, పార్లమెంటు, పెద్ద మ్యూజియాలు అన్నీ ఆ రోడ్డు మీదే. దానికి బయట ఇంకో పెద్ద రోడ్డు ఉంది, గ్యూర్టెల్ అంటారు. 3 నుంచి 9 వరకు జిల్లాలు ఈ రెండు రోడ్లకూ మధ్యలో వస్తాయి, పదోది మొదలుకొని ఎక్కువ భాగం గ్యూర్టెల్ అవతల. 2, 20 మాత్రం డాన్యూబ్ కాలువ దాటాక.

నన్నడిగితే టూరిస్టుకు పనికొచ్చే సెంటర్ అంటే రింగ్ లోపల మాత్రమే కాదు, గ్యూర్టెల్ లోపల ఏదైనా సరే మెట్రో స్టేషన్‌కు 5 నిమిషాల నడకలో ఉంటే అది సెంటరే. ఇక్కడ మెట్రోను యూ-బాన్ అంటారు, యూ1, యూ2, యూ3, యూ4, యూ6 అని లైన్లు. స్టెఫాన్స్‌ప్లాట్జ్‌లో యూ1, యూ3 కలుస్తాయి, కార్ల్స్‌ప్లాట్జ్‌లో యూ1, యూ2, యూ4 కలుస్తాయి. యూ-బాన్ స్టేషన్లు అన్నిట్లో లిఫ్ట్ ఉంటుంది, అమ్మగారికి ఇది పెద్ద ఊరట. కాకపోతే లిఫ్ట్ ఒక్కోసారి స్టేషన్‌కు ఒక కొసనే ఉంటుంది, అందుకే హోటల్ నుంచి దూరం చూసేటప్పుడు దగ్గర్లోని మెట్ల ద్వారం వరకు కాకుండా లిఫ్ట్ ఉన్న ద్వారం వరకు చూడండి.

ఇక మీ మూడిటి గురించి.

1160 ఫ్లాట్ నేనైతే వద్దంటా. ఆ ఏరియా చెడ్డదేం కాదు, మామూలు జనం ఉండే చోటే, కానీ ట్రామ్ ఒకటి, మెట్రో ఒకటి అంటే పొద్దున వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం రెస్టుకు తిరిగి రారు, ఎక్కడో బెంచీ మీద కూర్చుని కానిచ్చేస్తారు. ఇంకో సంగతి, 2024 జులై 1 నుంచి ఇక్కడ ఇళ్ళను టూరిస్టులకు అద్దెకిచ్చే రూల్స్ గట్టిగా చేశారు. ప్రత్యేక అనుమతి లేకుండా ఏడాదిలో 90 రోజులకు మించి ఇవ్వకూడదు. ఏడాది పొడవునా దొరుకుతున్న ఫ్లాట్ కనిపిస్తే అనుమతి ఉందా అని రాతపూర్వకంగా అడగండి, చివరి నిమిషంలో ఓనరు క్యాన్సిల్ చేస్తే పెద్దవాళ్ళతో రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

హౌప్ట్‌బాన్‌హోఫ్ మంచి చోటే. యూ1 ఎక్కితే మూడో స్టాపే స్టెఫాన్స్‌ప్లాట్జ్. ఎయిర్‌పోర్టు నుంచి రైల్‌జెట్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది, దాదాపు 15 నిమిషాలు. బెల్వెడేర్ ప్యాలెస్ నడిచిపోయే దూరం. కానీ ఒకటి గమనించండి, ఆ స్టేషన్ చాలా పొడుగు, యూ1 దాని పడమటి కొసన ఉంటుంది. ‘హౌప్ట్‌బాన్‌హోఫ్ పక్కనే’ అని రాసిన హోటల్ తూర్పు వైపు ఉందనుకోండి, మెట్రోకు మళ్ళీ స్టేషన్ అంతా నడవాలి. అప్పుడు మీకు డి ట్రామ్ నయం, అది బెల్వెడేర్ మీదుగా నేరుగా రింగ్ మీదకు, ఒపెరా దగ్గరికి వెళ్తుంది. మీ హోటల్ ఏ వైపుందో చూశారా?

స్టెఫాన్స్‌ప్లాట్జ్ పెన్షన్ గురించి లిఫ్ట్ సంగతి తెలియకుండా ఏం చెప్పలేను. ఇక్కడి పాత బిల్డింగుల్లో అంతస్తుల లెక్క వేరు. కింద గ్రౌండ్, దాని మీద కొన్నిట్లో ‘హోఖ్‌పార్టెరె’, ఆ పైన ‘మెజానిన్’, ఆ తర్వాతే ఒకటో అంతస్తు మొదలవుతుంది. వాళ్ళు రెండో అంతస్తు అని రాస్తే మన లెక్కలో నాలుగోది కావచ్చు.

వడ్డేపల్లి_వాకర్

అమ్మా, పై బాబు చెప్పిన వివరాలన్నీ బాగున్నాయి, కానీ నేను వేరే మాట చెప్తాను, నేనూ నా భార్యా ఇద్దరం అరవై దాటినవాళ్ళం కాబట్టి మీ అమ్మానాన్నల వైపు నుంచి చెప్తున్నాననుకో.

బయటివాళ్ళెవరైనా మన వరంగల్ వస్తూ ఏది సెంటర్ అని అడిగితే ఏం చెప్తాం? వేయిస్తంభాల గుడి హన్మకొండలో, కోట వరంగల్ స్టేషన్ దాటాక, కొన్ని రైళ్ళు దింపేది కాజీపేటలో. రైలు దిగినచోట గది తీసుకున్నవాడికి ఊరంతా ఆటో ఎక్కి చూసేదే అవుతుంది. యూరప్‌లో కూడా రైల్వే స్టేషన్ పక్కన ఉండటం వచ్చే రోజు, వెళ్ళే రోజు సుఖం. మధ్యలో రోజుల సంగతే అసలు ఆలోచించాల్సింది.

మేము ఒకటో జిల్లాలోనే ఉన్నాం, డబ్బు ఎక్కువే పెట్టాం, పెట్టినందుకు సంతోషించాం. ఎందుకంటే వియన్నాలో చూడాల్సింది లోపలికి టికెట్ కొనే చోట్లే కాదు. హోఫ్‌బుర్గ్ అనే పాత రాజభవనం ముందు నుంచి నడవటం, గ్రాబెన్ వీధిలో కూర్చోవటం, స్టెఫాన్స్ చర్చి దక్షిణ గోపురం 136 మీటర్లు ఉంటుంది, దాన్ని కింద నిలబడి తలెత్తి చూడటం, ఇదంతా ఉచితమే. మే నెలలో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం గదికి వచ్చి పడుకుని, టీ తాగి, మళ్ళీ ఆరింటికి కిందకు దిగితే ఇంకో పూట చేతిలో ఉంటుంది. గది దూరంగా ఉంటే పెద్దవాళ్ళు ‘ఇక చాల్లే, గదికి పోదాం’ అంటారు, పిల్లలు కూడా సరే అంటారు, ఆ సాయంత్రాలన్నీ పోతాయి. మూడు స్టాపులే కదా అనిపిస్తుంది మీ వయసులో. మోకాళ్ళు నొప్పి పెట్టే మనిషికి స్టేషన్‌లోకి దిగడం, లిఫ్ట్ వెతకడం, రైలు కోసం నిలబడటం, దిగాక మళ్ళీ పైకి రావడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అమ్మ నోరు తెరిచి చెప్పదు, అది నీకూ తెలుసు.

ఒకటో జిల్లాలో కష్టాలు లేవని కాదు. స్టెఫాన్స్‌ప్లాట్జ్ చుట్టూ చాలా వీధులు నడిచేవాళ్ళకు మాత్రమే, కారు రాదు లేదా కొన్ని గంటల్లోనే వస్తుంది. సందుల్లో కొన్నిచోట్ల రాళ్ళు పరిచిన దారి, చక్రాల పెట్టెలు లాగడం కష్టం. కాబట్టి ట్యాక్సీ హోటల్ గుమ్మం దాకా వస్తుందా అని ముందే అడుగు. ఇది ఒక్కటీ, లిఫ్ట్ ఒక్కటీ సరిగ్గా ఉంటే నేనైతే మొదటిదే తీసుకోమంటాను. చిన్న గది అంటున్నావు, గదిలో ఉండేది పడుకోవడానికే కదమ్మా.

సుబేదారి_సందు

హోటల్ ఎక్కడన్నది పైన చెప్తున్నారు కాబట్టి నేను ఒక్క వీసా సంగతి చెప్పి వెళ్తాను. షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఉండే చోటు రుజువు అడుగుతారు, కాబట్టి ఇప్పుడు చేసే బుకింగ్‌లో ముగ్గురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి, ఒక్క మీ పేరు మీద ‘3 పెద్దలు’ అని ఉంటే అడగొచ్చు. ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రేటే తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే, వీసా చేతికి వచ్చేదాకా డబ్బు తిరిగిరాని బుకింగ్ జోలికి పోవద్దు. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి, కానీ మే అంటే మన ఎండాకాలం సెలవులు, అపాయింట్‌మెంట్లు దొరకవు, ముందే పెట్టండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి. మీ ముగ్గురిలో ఒక్కొక్కరికి ఫీజు 90 యూరోలు, 2024 జూన్‌లో పెంచారు, సర్వీసు చార్జీ దాని మీద అదనం.

హోటల్ మార్చుకోవాలనుకుంటే వీసా వచ్చాక మార్చుకోవచ్చు, అది తప్పేం కాదు, కొత్త బుకింగ్ కాగితం మాత్రం వెంట ఉంచుకోండి, ఇమిగ్రేషన్‌లో అడిగితే చూపించాలి.

హన్మకొండ_చౌరస్తా

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. సార్, మీరు సాయంత్రాల గురించి రాసింది అమ్మకు చదివి వినిపించాను. ‘నిజమే, నేను చెప్పను’ అంది.

మానేరు తమ్ముడూ, నువ్వు చెప్పాక మ్యాప్ తీసి చూశాను, స్టేషన్ పక్కన హోటల్ తూర్పు వైపే ఉంది, యూ1కు పది నిమిషాలకు పైగా చూపిస్తోంది. పెన్షన్ వాళ్ళకు మెయిల్ పెడదామనుకుంటున్నా, లిఫ్ట్ కాకుండా ఇంకా ఏమేం అడగాలి? ఏసీ కూడా రాసి లేదు. ఇంకోటి, ఈ రెండిటికీ మధ్యలో ఏదైనా ఏరియా ఉందా, నడిస్తే పాత ఊరు అందేలా, రేటు మాత్రం స్టెఫాన్స్‌ప్లాట్జ్ అంత లేకుండా?

మానేరు_గట్టు

ఉంది అక్కా. 1040 చూడండి, నాలుగో జిల్లా, వీడెన్ అంటారు. అందులోనూ కార్ల్స్‌ప్లాట్జ్‌కూ టౌబ్‌స్టుమెన్‌గాసె స్టేషన్‌కూ మధ్య ఉన్న వీధులు. టౌబ్‌స్టుమెన్‌గాసె యూ1 మీదే, ఒకవైపు ఒక స్టాపు దూరంలో కార్ల్స్‌ప్లాట్జ్, ఇంకోవైపు ఒక స్టాపు దూరంలో హౌప్ట్‌బాన్‌హోఫ్. కార్ల్స్‌ప్లాట్జ్ నుంచి ఒపెరా పక్కనే, అక్కడి నుంచి స్టెఫాన్స్ చర్చి దాకా కెర్ట్‌నర్ స్ట్రాసె అంతా వాహనాలు లేని చదునైన దారి, ఒక కిలోమీటరు లోపే, కూర్చోవడానికి బెంచీలు కూడా ఉంటాయి. షోన్‌బ్రున్ ప్యాలెస్‌కు వెళ్ళాలంటే కార్ల్స్‌ప్లాట్జ్‌లోనే యూ4 ఎక్కితే మారకుండా దిగొచ్చు. కార్ల్స్ చర్చి ముందు పార్కు ఉంది, నాన్నగారి పొద్దుటి నడకకు సరిపోతుంది. నాష్‌మార్క్ట్ కూడా అక్కడే, కూరగాయలు, పండ్లు అమ్మే పెద్ద బజారు, ఆ చుట్టుపక్కల ఆసియా కిరాణా దుకాణాలు ఉన్నాయి, బియ్యం, పప్పు, పెరుగు అన్నీ దొరుకుతాయి. ఆదివారం మాత్రం అది మూసి ఉంటుంది. ఆదివారం ఊళ్ళో సూపర్‌మార్కెట్లు కూడా దాదాపు అన్నీ బంద్, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవే తెరుస్తారు, హౌప్ట్‌బాన్‌హోఫ్ ఒక్క స్టాపు కాబట్టి అదీ మీకు ఇబ్బంది కాదు. ఏడో జిల్లా 1070 కూడా బాగుంటుంది కానీ అటు యూ2 పొడిగింపు పనులు నడుస్తున్నాయి, నాయ్‌బావ్‌గాసె, పిల్‌గ్రామ్‌గాసె స్టేషన్ల దగ్గర తవ్వకాలు. ఆ చుట్టుపక్కల తీసుకునేవాళ్ళు ఈమధ్య రాసిన రివ్యూలలో శబ్దం గురించి ఏమన్నారో చూసుకోవాలి.

మెయిల్‌లో అడగాల్సినవి. లిఫ్ట్ ఉందా అని మాత్రమే అడిగితే ఉంది అనే చెప్తారు, అబద్ధం కాదు, కానీ పాత బిల్డింగుల్లో వీధి నుంచి ఏడెనిమిది మెట్లు ఎక్కాక లిఫ్ట్ మొదలవుతుంది. కాబట్టి ‘వీధి నుంచి గది దాకా ఒక్క మెట్టు కూడా లేకుండా వెళ్ళొచ్చా, లేకపోతే ఎన్ని మెట్లు’ అని అడగండి. తర్వాత బాత్రూం. ఇక్కడ చాలాచోట్ల టబ్బులో నిలబడి స్నానం చేయాలి, ఆ అంచు ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కాలెత్తి లోపలికి పెట్టడం, తడి కాలితో బయటికి దిగడం ప్రమాదం. టబ్బు లేని షవర్ ఉన్న గది కావాలని గట్టిగా చెప్పండి, నా దృష్టిలో లిఫ్ట్ తర్వాత ఇదే ముఖ్యం. మూడో మంచం నిజం మంచమా, సోఫా లాగితే అయ్యేదా అడగండి. డబుల్ బెడ్ అంటే ఇక్కడ రెండు పరుపులు పక్కపక్కన పెట్టి, ఎవరి దుప్పటి వాళ్ళకు వేరుగా ఇస్తారు, అది మామూలే. ఏసీ చాలా పాత హోటళ్ళలో ఉండదు, మే మధ్యలో అది లేకున్నా నడిచిపోతుంది, జులై, ఆగస్టు అయితే వద్దనేవాడిని. గది వీధి వైపా, లోపలి ఆవరణ వైపా అని కూడా అడగండి, లోపలి వైపు నిశ్శబ్దంగా ఉంటుంది, కిటికీ తెరుచుకుని పడుకోవచ్చు. గదిలో కెటిల్ ఉంటుందని అనుకోవద్దు, అదీ అడగండి, లేకపోతే చిన్నది ఒకటి తెచ్చుకోండి. నీళ్ళు కొనాల్సిన పనే లేదు. ఇక్కడి కొళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, 1873 నుంచి అలాగే తెస్తున్నారు, నేరుగా తాగడమే.

ఈ ప్రశ్నలకు రెండు రోజుల్లో సరిగ్గా జవాబు ఇచ్చిన హోటల్‌నే తీసుకోండి. బుక్ చేయకముందే జవాబు ఇవ్వనివాళ్ళు వెళ్ళాక కూడా ఇవ్వరు.

గోదారిఖని_ప్రయాణం

ఇక్కడ వియన్నా గురించే నడుస్తోంది కానీ ఇదే చర్చ వేరే ఊళ్ళ కోసం చదివేవాళ్ళు కూడా ఉంటారని రాస్తున్నా, ఎందుకంటే ‘మెట్రో పక్కన ఉంటే చాలు’ అనే లెక్క ప్రతి ఊళ్ళో పనిచేయదు. పారిస్‌లో 20 వార్డులు, పిన్‌కోడ్ చివరి రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది, 75001 అంటే లూవ్ర్ మ్యూజియం ఉన్న నడిబొడ్డు, అక్కడి నుంచి నత్త గుల్ల లాగా చుట్టూ తిరుగుతూ 75020 దాకా పోతాయి. కానీ అక్కడి మెట్రో పాతది, చాలా స్టేషన్లలో లిఫ్టే లేదు, ఒక లైన్ మారాలంటే మెట్లు, మలుపులు, మళ్ళీ మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో పారిస్ వెళ్తే మెట్రో కంటే బస్సు స్టాపు దగ్గరున్న హోటల్ చూసుకోవాలి. రోమ్‌లో మెట్రో ఏ, బీ లైన్లు టెర్మినీ స్టేషన్ దగ్గర కలుస్తాయి, అందుకే మన టూరు వాళ్ళందరూ అక్కడే గదులు ఇస్తారు. కానీ పాంథియాన్, నవోనా చౌక్ ఉన్న పాత ఊరికి మెట్రో లేదు, బస్సో, నడకో. ప్రాగ్‌లో ‘ప్రాహా 1’ అని ఉంటే నడిబొడ్డే, అయితే ఆ పేరు నదికి రెండు వైపులా వర్తిస్తుంది. ఓల్డ్ టౌన్ వైపు చదును, కోట వైపు మలా స్ట్రానా అంతా ఎత్తు, రాళ్ళ దారి. అడ్రస్‌లో రెండిటికీ ఒకే పేరు ఉంటుంది, నడిచేటప్పుడే తేడా తెలుస్తుంది.

బుకింగ్ సైట్లు ‘సెంటర్ నుంచి 1.2 కి.మీ.’ అని చూపించే దూరాన్ని నేను పట్టించుకోను, అది వాళ్ళు పెట్టుకున్న ఒక చుక్క నుంచి గీసిన గీత. మీరు చూడబోయే నాలుగైదు చోట్లు మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, హోటల్ నుంచి ఒక్కోదానికి రాత్రి 9 గంటలకు ఎలా తిరిగి రావాలో వెతకండి, పగలు కాదు, రాత్రే. ఎన్నిసార్లు మారాలి, చివరి నడక ఎంత, ఆ వీధి ఫొటోల్లో ఎలా ఉంది, అంతవరకు చూస్తే హోటల్ గురించి మీకు కావాల్సింది తెలిసిపోతుంది.

వడ్డేపల్లి_వాకర్

నాలుగో జిల్లా అన్న మాట నాకూ నచ్చింది. కార్ల్స్‌ప్లాట్జ్ దగ్గరైతే నా అభ్యంతరం ఏమీ లేదమ్మా, మధ్యాహ్నం మెట్రో ఎక్కకుండా గదికి నడిచి రాగలిగితే చాలు, నేను చెప్పింది అదే. రింగ్ మీద తిరిగే 1, 2, డి, 71 ట్రాములను మర్చిపోవద్దు. అలసిపోయిన రోజు ట్రామ్‌లో కూర్చుని ఊరు చూడొచ్చు, భూమి కింద పోయే రైలులో ఏం కనిపిస్తుంది? కొన్ని రోజులకు చెల్లే టికెట్ తీసుకుంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ పనికొస్తుంది, ముద్ర లేని కాగితం టికెట్ అయితే మొదటిసారి ఎక్కేటప్పుడు మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, కానీ ముద్ర లేకుండా దొరికితే జరిమానా వేస్తారు.

హన్మకొండ_చౌరస్తా

అప్‌డేట్. పెన్షన్ వాళ్ళు మర్యాదగానే జవాబు ఇచ్చారు. లిఫ్ట్ ఉంది కానీ వీధి నుంచి తొమ్మిది మెట్లు ఎక్కాలట, బాత్రూంలో టబ్బేనట. నిజం చెప్పినందుకు వాళ్ళకు థాంక్స్ చెప్పి వదిలేశాను. 1040లో, టౌబ్‌స్టుమెన్‌గాసె స్టేషన్‌కు నాలుగు నిమిషాల నడకలో, కార్ల్స్‌ప్లాట్జ్‌కు నడిచి వెళ్ళగలిగేలా ఒక హోటల్ దొరికింది. మెట్లు లేవు, టబ్బు లేని షవర్ గది ఇస్తామన్నారు, గది లోపలి ఆవరణ వైపు. ముగ్గురికి ఒకే గది కాకుండా పక్కపక్కన రెండు గదులు తీసుకున్నాను, పెన్షన్‌లోని ఒక గది కంటే కొంచెమే ఎక్కువ పడింది. ముగ్గురి పేర్లూ వేయించాను, క్యాన్సిల్ చేసుకునే రేటే. మా తమ్ముడికి కూడా నాష్‌మార్క్ట్ సంగతి చెప్పాక ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం చింతకాయ తొక్కు, కారప్పొడి ఎలాగూ పెట్టుకుంటానంటోంది.

ఒక్క సందేహం మిగిలింది. మా ఫ్లైట్ పొద్దున ఏడింటికే దిగుతుంది, చెక్-ఇన్ మధ్యాహ్నం 3 గంటలకు అంటున్నారు. రాత్రంతా నిద్ర లేకుండా వచ్చిన అమ్మను అంతసేపు ఎక్కడ కూర్చోబెట్టాలి?

మానేరు_గట్టు

రెండు దారులు అక్కా. ముందు రోజు రాత్రి నుంచే ఒక్క గది బుక్ చేసుకోండి, రెండూ అక్కర్లేదు, ఆ ఒక్కదాంట్లో అమ్మానాన్న పొద్దున రాగానే పడుకుంటారు. అలా చేస్తే ‘పొద్దున 9 గంటలకు వస్తాం, గది వేరేవాళ్ళకు ఇవ్వొద్దు’ అని మెయిల్ తప్పకుండా పెట్టండి, లేకపోతే రాత్రి రాలేదని క్యాన్సిల్ చేసేసే అవకాశం ఉంది. డబ్బు దండగ అనిపిస్తే ముందుగా గది ఇవ్వగలరా అని అడగండి, ఖాళీ ఉంటే కొన్ని హోటళ్ళు కొంచెం చార్జీ తీసుకుని 11, 12కే ఇచ్చేస్తాయి. సామాను మాత్రం ఎప్పుడు వెళ్ళినా రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు, అక్కడే టిఫిన్ డబ్బులు కట్టి తినొచ్చు. బ్రెడ్డు, వెన్న, చీజ్, పండ్లు, కాఫీ ఉంటాయి, శాకాహారులకు ఇబ్బంది లేదు.

అమ్మగారి కోసమైతే నేను మొదటిదే చేయమంటా. ఎయిర్‌పోర్టులో రైల్‌జెట్ ఎక్కి హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో దిగాక, పెట్టెలతో యూ1 దాకా ఆ పొడుగు స్టేషన్ నడిపించకండి, బయటికొచ్చి ట్యాక్సీ ఎక్కండి, మీ హోటల్‌కు కొన్ని నిమిషాలే పడుతుంది.